సరిగా ఉడకని మాంసంతో పరాన్నజీవి జబ్బు పాకితే దర్యాప్తు ఎలా చేయాలి

ఫుడ్ పాయిజనింగ్ కేసులు చూసిన అలవాటుతో ఈ పనిలోకి దిగితే మొదటి రోజే తికమక పడతారు. అక్కడ రాత్రి తిన్నది తెల్లారేసరికి బయటపడుతుంది, ఏం తిన్నారో అందరికీ గుర్తుంటుంది, గిన్నెలో కాస్త మిగిలి కూడా ఉంటుంది. మాంసంలో దాక్కున్న పరాన్నజీవి దగ్గర అలా కుదరదు. తిన్న రోజుకీ జ్వరంతో మంచం ఎక్కిన రోజుకీ మధ్య ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి నెల కూడా గడిచిపోతుంది. ఈలోగా ఆ భోజనం సంగతి అందరూ మర్చిపోతారు, మిగిలిన మాంసం ఎవరో పారేస్తారు, లేదంటే (ఇది ఇంకా ఘోరం) ఇంకెవరికో ఇచ్చేస్తారు. అందుకే ఇక్కడ రోజుల లెక్కే అసలు పని, మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి. పాఠ్యపుస్తకాల్లో ఉండే మెట్ల వరస కూడా కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఎక్కువగా ట్రైకినెల్లోసిస్ (ట్రైకినెల్లా అనే సన్నటి పురుగు వల్ల వచ్చే జబ్బు) గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఒకే మాంసం తిన్న గుంపంతా ఒకేసారి జబ్బుపడే రకం ఇదే. టాక్సోప్లాస్మా (కంటికి కనిపించని ఇంకో పరాన్నజీవి), బద్దె పురుగుల సంగతి చివర్లో చెప్తాను.

పురుగు ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం, ఇది తెలియకపోతే తేదీలు అర్థం కావు. జంతువు కండరంలో ట్రైకినెల్లా లార్వాలు ఉంటాయి. మాంసం తిన్నాక కడుపులోని ఆమ్లానికి అవి విడుదలై పేగులోకి చేరి, కొద్ది రోజుల్లోనే పెద్దవై పిల్లల్ని పెట్టడం మొదలుపెడతాయి. ఆ పిల్ల లార్వాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి చివరికి కండరాల్లో చేరతాయి. కాబట్టి జబ్బుకి రెండు దశలు. తిన్న ఒకటి రెండు రోజుల్లో వికారం, విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు, చాలామందికి అసలు రావు. తర్వాత, ఎక్కువగా 8 నుంచి 15 రోజుల మధ్య, జ్వరం, ఒళ్లంతా కండరాల నొప్పులు, కళ్ల చుట్టూ వాపు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మాత్రం అంటదు.

ముందు అనుమానం రావాలి

ఈ జబ్బు దర్యాప్తులు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. మొదటి ఇద్దరు ముగ్గురు రోగులు వేరువేరు డాక్టర్ల దగ్గరికి వెళ్తారు, ఒకరికి వైరల్ ఫీవర్ అని, ఇంకొకరికి టైఫాయిడ్ అని, కళ్లు వాచినవాళ్లకి ఎలర్జీ అని మందులు రాసి పంపుతారు. మీరు చూడాల్సింది రక్తపరీక్ష కాగితంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) గడి. టైఫాయిడ్‌లో అవి తగ్గిపోతాయి, చాలాసార్లు దాదాపు కనపడవు. ట్రైకినెల్లోసిస్‌లో మాత్రం బాగా పెరుగుతాయి. జ్వరం, కండరాల నొప్పి, రెండు కళ్ల చుట్టూ వాపు, పైగా ఇయోసినోఫిల్స్ ఎక్కువ: ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే ఇంకొక కేసు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఫోన్ తీయండి. కండరాలు దెబ్బతింటాయి కాబట్టి వాటి నుంచి రక్తంలోకి వచ్చే సీపీకే అనే ఎంజైమ్ కూడా పెరిగి ఉంటుంది. గోళ్ల కింద సన్నటి ఎర్రటి గీతలు, కంటి తెల్లభాగంలో రక్తపు చార ఉన్నాయేమో చూడండి, రోగి వాటిని తనంతట తాను చెప్పడు.

ఒక మెలిక ఉంది. కంటి వాపు ఎలర్జీ అనుకుని ఎవరైనా స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే ఇయోసినోఫిల్స్ పడిపోతాయి, మీకు దొరికే రిపోర్టు మామూలుగానే ఉంటుంది. కాబట్టి రిపోర్టుతో పాటు అంతకుముందు వాడిన మందుల చీటీ కూడా అడగండి.

తర్వాత ఫ్రీజర్, ప్రశ్నాపత్రం కాదు

ఎవరెవరికి జబ్బు వచ్చిందో పూర్తి లెక్క తేలాక మాంసం సంగతి చూద్దాం అనుకుంటారు చాలామంది. అప్పటికి ఏమీ మిగలదు. అనుమానం వచ్చిన మొదటి ఫోన్‌లోనే రోగిని గానీ ఇంట్లోవాళ్లని గానీ ఈ మాట అడగండి: "గత నెలన్నరలో మీరు తిన్న మాంసంలో ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందా? మీ ఫ్రిజ్‌లో, బంధువుల ఫ్రిజ్‌లో, ఎండబెట్టినది, పొగబెట్టినది, సాసేజ్ చేసింది?" ఉందంటే పారేయొద్దని, వండొద్దని, కుక్కలకి వేయొద్దని, ఎవరికీ పంచొద్దని చెప్పండి. భయపెట్టేలా చెప్పకండి. భయపడిన మనిషి చేసే మొదటి పని దాన్ని తీసుకెళ్లి పారేయడమే.

మాంసం పచ్చిగా, చల్లగా ఉంటే అలాగే చల్లగా ఉంచి ల్యాబ్‌కి పంపండి, గడ్డకట్టించొద్దు. గడ్డకట్టిస్తే చాలా జాతుల లార్వాలు చచ్చిపోతాయి, చచ్చినవాటిని ల్యాబ్‌లో వేరుచేయడం కష్టం. ఇప్పటికే ఫ్రీజర్‌లో ఉన్నదైతే గడ్డగానే పంపండి, మధ్యలో కరగనివ్వకండి. పిడికెడు ముక్క సరిపోదు, లార్వాలు కండరమంతా సమానంగా పరుచుకుని ఉండవు. పందిలో డయాఫ్రమ్ అంటే ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్య ఉండే పలచటి కండరంలో ఎక్కువ ఉంటాయి, నాలుకలో, దవడ కండరంలో కూడా. అడవి జంతువైతే ముందుకాలి కండరం కూడా అడగండి. సాసేజ్ లాంటివైతే ఒకే ప్యాకెట్ నుంచి కాకుండా దొరికినన్ని ప్యాకెట్ల నుంచి తీయండి, ఒక జబ్బు జంతువు మాంసం పది మంచి జంతువుల మాంసంలో కలిసిపోయి ఉండొచ్చు. ప్రతి సంచి మీదా ఎవరి ఇంట్లోది, ఏ రోజు తీసుకున్నది, ఏ జంతువు, ఏ భాగం, అప్పటికి ఎలా భద్రపరిచి ఉంది అని రాయండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే నాలుగు సంచులూ ఒకేలా కనిపిస్తాయి.

కేసు అంటే ఎవరు?

కేస్ డెఫినిషన్ మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. యూరప్ దేశాలు వాడేది బాగా పనికొస్తుంది: జ్వరం, కండరాల నొప్పి, విరేచనాలు, ముఖం వాపు, ఇయోసినోఫిల్స్ పెరగడం, కంటిలోనో గోళ్ల కిందో రెటీనాలోనో రక్తస్రావం. ఈ ఆరింటిలో కనీసం మూడు ఉండాలి. అవి ఉండి, జబ్బున్న మాంసంతో సంబంధం తేలితే సంభావ్య కేసు. కండరపు ముక్కలో లార్వా కనిపించినా, రక్తంలో ఆ పురుగుకి ప్రత్యేకమైన యాంటీబాడీలు ఉన్నా నిర్ధారిత కేసు. దీనికి మీరు చోటు, తేదీల హద్దు జోడించండి. మొదట్లో హద్దు వదులుగా పెట్టి, పోనుపోను బిగించడం మంచిది, మొదటి రోజే బిగిస్తే ఒళ్లునొప్పులు మాత్రమే ఉన్నవాళ్లు జారిపోతారు. ల్యాబ్ ఫలితం కోసం మాత్రం ఆగకండి, ఎందుకో ల్యాబ్ దగ్గర చెప్తాను.

జబ్బు రానివాళ్లని కూడా రాయండి

లైన్ లిస్ట్ అంటే రోగుల జాబితా అనుకుంటారు, నిజానికి ఇక్కడ తిన్నవాళ్లందరి జాబితా కావాలి. ఒక మనిషికి ఒక వరస: వయసు, తిన్న తేదీ, ఏ వంటకం, ఎంత, జబ్బు మొదలైన తేదీ, ఏ లక్షణం ముందు వచ్చింది, ఇయోసినోఫిల్స్ ఎంత, రక్తం తీసిన తేదీ. "జబ్బు మొదలైన తేదీ" గడిలో ఆసుపత్రిలో చేరిన తేదీ రాసేస్తుంటారు, అక్కడ జాగ్రత్త.

తిని బాగున్నవాళ్లు మీకు రెండు రకాలుగా ముఖ్యం. ఒకటి, వాళ్లు లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. రెండోది ఇంకా ముఖ్యం: వాళ్లలో కొందరు రేపో ఎల్లుండో జబ్బుపడబోతున్నారు. పురుగు ఇంకా పేగులో ఉన్నప్పుడే మందు పడితే బాగా పనిచేస్తుంది, లార్వాలు కండరంలో స్థిరపడ్డాక అదే మందు అంత పనిచేయదు. సాధారణంగా ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 8 నుంచి 14 రోజులు ఇస్తారు, జబ్బు తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ కలుపుతారు. ఎవరికి ఇవ్వాలో డాక్టరు నిర్ణయించాలి, గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో మరీను. మీ పని పేర్ల జాబితాని ఆ రోజుకారోజు డాక్టర్ల చేతికి అందించడం. గుండె దడ, ఆయాసం, మాటలో తేడా కనిపించినవాళ్లని వెంటనే ఆసుపత్రికి పంపండి, ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా గుండె కండరం వాపు, మెదడు సమస్యలే.

వెనక్కి లెక్కపెట్టండి

ఏ భోజనమో ఎవరికీ తెలియనప్పుడు తేదీలే మాట్లాడతాయి. జబ్బు మొదలైన తేదీలని అడ్డంగా, ఆ రోజు జబ్బుపడ్డవాళ్ల సంఖ్యని నిలువుగా గీయండి. ఉదాహరణకి మొదటి కేసు ఒక నెల 18న, ఎక్కువమంది 24 చుట్టుపక్కల, చివరి కేసు తర్వాతి నెల 8న మొదలయ్యాయి అనుకుందాం, ఆ నెలకి 31 రోజులు. జబ్బు బయటపడటానికి తక్కువలో తక్కువ 7, మధ్యస్థంగా 12, ఎక్కువలో ఎక్కువ 30 రోజులు పడుతుందని లెక్క వేసుకుందాం. మొదటి కేసు నుంచి 7 రోజులు వెనక్కి వెళ్తే 11 వస్తుంది. మధ్య కేసు నుంచి 12 రోజులు వెనక్కి వెళ్తే 12. చివరి కేసు నుంచి 30 రోజులు వెనక్కి వెళ్తే 9. అంటే 9 నుంచి 12 మధ్య ఎక్కడో ఒక భోజనం ఉంది. ఇప్పుడు ఆ నాలుగు రోజుల్లో ఎవరింట్లో ఏం జరిగిందని అడిగితే జవాబు వస్తుంది, "గత నెలలో ఏం తిన్నారు" అంటే రాదు.

గీత ఒకే గుట్టలా లేచి పడిపోతే ఒకే భోజనం. రెండు మూడు గుట్టలుగా ఉంటే, లేదా వారాల తరబడి సాగుతుంటే, అదే మాంసం ఇంకా ఎక్కడో తింటున్నారు, అమ్ముతున్నారు. అప్పుడు లెక్కలు పక్కనపెట్టి ముందు దాన్ని ఆపండి. ఇంకొక చిన్న సంగతి, ఎక్కువ లార్వాలు మింగినవాళ్లకి జబ్బు త్వరగా, గట్టిగా వస్తుంది. మొదట మంచం పట్టినవాడే ఎక్కువ తిన్నవాడు, లేదా పచ్చిగా తిన్నవాడు అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటర్వ్యూలు అతనితో మొదలుపెట్టండి.

ఎలా అడగాలి

"పచ్చి మాంసం తిన్నారా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. ఎవరూ తాము పచ్చిగా తిన్నామనుకోరు, తిన్నా మీ ముందు ఒప్పుకోరు. వంట గురించి అడగండి. ముక్క ఎంత మందం? మంట మీద కాల్చారా, ఉడకబెట్టారా? కోసినప్పుడు లోపల ఏ రంగు ఉంది? సగం ఉడికిందని మళ్లీ పొయ్యి మీద పెట్టారా? ఖీమా కలిపేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదోనని ఎవరు రుచి చూశారు? ఈ చివరి ప్రశ్న వదలొద్దు. పచ్చి మిశ్రమం చిటికెడు నాలుక మీద పెట్టుకున్న మనిషి "నేను ముట్టుకోనేలేదు, వడ్డించానంతే" అని నిజాయితీగానే చెప్తుంది.

జ్ఞాపకానికి ఫోన్ గ్యాలరీ కంటే మంచి సాక్షి లేదు. ఆ నాలుగు రోజుల ఫొటోలు చూపించమనండి. తేదీ, సమయం వాటిలోనే ఉంటాయి, ఎవరెవరు వచ్చారో తెలుస్తుంది, ఒక్కోసారి పళ్లెంలో ముక్క లోపలి రంగు కూడా కనపడుతుంది. వాట్సాప్ గ్రూపులో "ఎవరు ఎంత తెస్తున్నారు" అన్న మెసేజ్‌లు కూడా అంతే పనికొస్తాయి.

మాంసం వేటాడి తెచ్చిందో, తనిఖీ లేకుండా కోసిందో అయితే అందరూ నోరు కట్టేసుకుంటారు. శిక్షలు వేసే శాఖ మనిషిని వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లకండి. మీరు ఏ హామీ ఇవ్వగలరో ముందే పైవాళ్లతో మాట్లాడుకుని, ఇవ్వగలిగినంతే ఇవ్వండి. "మీలో ఎవరు కోశారో నాకు అక్కర్లేదు, మిగతా మాంసం ఎవరి దగ్గరుందో చెప్పండి చాలు, వాళ్లకి మందు ఇవ్వాలి" అంటే చాలాసార్లు పని జరుగుతుంది, అది నిజం కూడా.

లెక్క, దానిలో మిగిలిపోయే ఒక్కరు

ఒకే విందు, అతిథుల జాబితా ఉంటే కోహార్ట్ పద్ధతి, అంటే తిన్నవాళ్లలో, తిననివాళ్లలో ఎందరికి జబ్బు వచ్చిందో పోల్చడం. ఊరంతా చెదురుమదురుగా కేసులుండి ఎవరు తిన్నారో పూర్తి జాబితా లేకపోతే కేస్-కంట్రోల్, అంటే జబ్బుపడ్డవాళ్లు తిన్నదాన్ని జబ్బు రానివాళ్లు తిన్నదానితో పోల్చడం. మొదటిదానికి చిన్న ఉదాహరణ చూడండి. విందుకి 40 మంది వచ్చారనుకుందాం. సాసేజ్ తిన్న 25 మందిలో 15 మందికి జబ్బు, అంటే 60 శాతం. తినని 15 మందిలో ఒకరికి, అంటే 6.7 శాతం. 60ని 6.7తో భాగిస్తే 9. సాసేజ్ తిన్నవాళ్లకి తొమ్మిది రెట్లు ముప్పు. ప్రతి వంటకానికీ ఇలాగే చేయండి, తర్వాత ఒక ముక్క తిన్నవాళ్లు, రెండు మూడు తిన్నవాళ్లు అని విడదీసి చూడండి. తిన్నకొద్దీ శాతం పెరుగుతుంటే మీ అనుమానం గట్టిపడినట్టే.

ఇక ఆ తినని ఒక్కరు. దాన్ని పొరపాటు కింద కొట్టేయాలనిపిస్తుంది, కొట్టేయకండి. మళ్లీ వెళ్లి కూర్చుని అడగండి. పచ్చి మాంసం కోసిన కత్తితో కోసిన ఏదైనా తిన్నారా, అదే పెనం మీద వండినది తిన్నారా, రుచి చూశారా? 2022లో అమెరికాలోని దక్షిణ డకోటాలో ఒక కుటుంబ విందులో సరిగ్గా ఇదే జరిగింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో వేటాడిన నల్ల ఎలుగుబంటి మాంసాన్ని ఇంటి ఫ్రీజర్‌లో 45 రోజులు ఉంచి, కరిగించి, కూరగాయలతో కలిపి కాల్చారు. ఆ మాంసం సహజంగానే ముదురు రంగు కాబట్టి ఉడికిందో లేదో తెలియలేదు, కొందరు తిన్నాక పచ్చిగా ఉందని గమనించి మళ్లీ కాల్చారు. ఆరుగురికి ట్రైకినెల్లోసిస్ వచ్చింది. వాళ్లలో ఇద్దరు మాంసం అసలు తినలేదు, దానితో కలిపి వండిన కూరగాయలు మాత్రమే తిన్నారు. ప్రశ్నాపత్రంలో "మాంసం తిన్నారా" అన్న ఒక్క ప్రశ్నతో ఆపేస్తే ఆ ఇద్దరూ మీ లెక్కని పాడుచేసేవాళ్లుగా మిగిలిపోతారు.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్రీజర్‌లో పెడితే పురుగు చస్తుందన్న సలహా ప్రకారమే వాళ్లు ఆ మాంసాన్ని గడ్డకట్టించారు. కానీ అది ట్రైకినెల్లా నేటివా, చల్లటి ప్రాంతాల అడవి జంతువుల్లో ఉండే జాతి, మంచుకి చావదు. మిగిలిన మాంసాన్ని నెలల తర్వాత పరీక్షించినా లార్వాలు కదులుతూనే ఉన్నాయి. "ఫ్రీజ్ చేశాం కదా" అన్న మాట విని మీరు మాంసాన్ని అనుమానితుల జాబితాలోంచి తీసేయకూడదు.

ల్యాబ్‌లో ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి

యాంటీబాడీలు తయారవడానికి సమయం పడుతుంది, ఇన్ఫెక్షన్ తర్వాత మూడు నుంచి ఐదు వారాల వరకూ ఎలైసా (రక్తంలో యాంటీబాడీలని వెతికే పరీక్ష) నెగటివ్ రావచ్చు. జ్వరంలో ఉన్న మనిషి రక్తం నెగటివ్ వచ్చిందని కేసు కొట్టేస్తే చాలామందిని పోగొట్టుకుంటారు. ఒకసారి ఇప్పుడు, ఇంకోసారి కొన్ని వారాల తర్వాత రక్తం తీసి రెండూ కలిపి ఒకే రోజు ఒకే ల్యాబ్‌లో పరీక్షించమనండి. ఎలైసా పాజిటివ్‌ని వెస్టర్న్ బ్లాట్ అనే ఇంకా కచ్చితమైన యాంటీబాడీ పరీక్షతో ఖాయం చేసుకోండి, వేరే పురుగులకీ ఎలైసా పొరబడుతుంది. కండరపు ముక్క తీయడం అందరికీ అవసరం లేదు, ఒక్కో గుంపులో ఒకరిద్దరికి తీస్తే జాతి తెలుసుకోవడానికి పనికొస్తుంది. సాధారణంగా భుజం దగ్గరి డెల్టాయిడ్ కండరం నుంచి తీస్తారు.

మాంసానికి కృత్రిమ జీర్ణక్రియ పద్ధతి వాడతారు. కడుపులో జరిగేదాన్నే బీకరులో చేయడం. 100 గ్రాముల మాంసాన్ని రుబ్బి, 46 నుంచి 48 డిగ్రీల వేడి ఉన్న రెండు లీటర్ల నీళ్లలో 25 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 16 మిల్లీలీటర్లు, పెప్సిన్ 10 గ్రాములు కలిపి అరగంట అయస్కాంతపు స్టిర్రర్ మీద తిప్పుతారు. 180 మైక్రాన్ల జల్లెడ గుండా వడకట్టి, గరాటులో అరగంట తేరనిచ్చి, అడుగున చేరిన కొద్దిపాటి ద్రవాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. దాదాపు ఒక మిల్లీమీటరు పొడవుండే లార్వా బతికి ఉంటే చుట్ట చుట్టుకుని ఉంటుంది, వేడి తగిలితే మెల్లగా కదులుతుంది. చచ్చినది తెరుచుకుని సగం వంపులో పడి ఉంటుంది. ఈ పరీక్షని పచ్చి మాంసం కోసం తయారుచేశారు. వండిన మాంసంలో ఏమీ దొరకలేదంటే లేవని అర్థం కాదు, మీ నివేదికలో ఆ మాట అలాగే రాయండి.

లార్వాలు దొరికితే కొన్నిటిని ఆల్కహాల్‌లో భద్రపరచమని ముందే చెప్పండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడైపోతుంది, ఇక జాతి తేల్చే పీసీఆర్ కుదరదు. జాతి పేరుకి దర్యాప్తులో గట్టి విలువ ఉంది: స్పైరాలిస్ అయితే పెంపుడు పంది వైపు చూపు పోవాలి, బ్రిటోవి, నేటివా అయితే అడవి జంతువుల వైపు. స్థానికంగా కుదరకపోతే రోమ్‌లో అంతర్జాతీయ ట్రైకినెల్లా రిఫరెన్స్ సెంటర్ ఉంది, ఏ జాతో తేల్చే పని అక్కడ చేస్తారు.

మాంసం వెనక, మాంసం ముందు

ఇక మాంసం వెంట రెండు దిక్కులకీ వెళ్లాలి. వెనక్కి: ఎవరు అమ్మారు, ఎవరు కోశారు, ఏ రోజు, తనిఖీ జరిగిందా, జంతువు ఎక్కడ పెరిగింది. పెంపకం చోట చచ్చిన జంతువుల ముక్కలు మేతలో కలుస్తున్నాయా, ఎలుకలు ఎంత ఉన్నాయి, పందులు బయట తిరుగుతాయా చూడండి, ఎందుకంటే పురుగు మాంసం తినడం ద్వారా మాత్రమే ఒక జంతువు నుంచి ఇంకోదానికి వెళ్తుంది. ముందుకి: అదే జంతువు మిగతా మాంసం ఎక్కడికి పోయింది. ఇది తొందర పని, వెనక్కి వెళ్లే పని రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు.

"గడ్డి తినే జంతువుది కదా" అని దేన్నీ పక్కన పెట్టకండి. 1975 నుంచి ఫ్రాన్స్, ఇటలీల్లో గుర్రపు మాంసం వల్ల మూడు వేల మందికి పైగా ట్రైకినెల్లోసిస్ బారిన పడ్డారు. గడ్డి తినే గుర్రం తానే మాంసం తినడమేంటని మొదట్లో ఎవరూ నమ్మలేదు. బలం కోసం వాటి మేతలో జంతువుల వ్యర్థాలు కలపడం దీనికి కారణమై ఉండొచ్చని తర్వాత అనుమానించారు. ఇక తనిఖీ అన్నదే ఎందుకు పుట్టిందంటే 1865లో జర్మనీలోని హెడర్స్‌లేబెన్ అనే చిన్న ఊళ్లో 337 మంది జబ్బుపడి 101 మంది చనిపోయారు. పందిమాంసాన్ని మైక్రోస్కోప్‌తో చూడాలని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో గట్టిగా పట్టుబట్టింది ఆ రోజుల్లోనే.

జనానికి ఏం చెప్పాలి

ల్యాబ్ నిర్ధారణ రాకముందే చెప్పొచ్చు, చెప్పాలి. మాంసం లోపలి భాగం 71 డిగ్రీలకి చేరాలి, థర్మామీటర్ గుచ్చి చూడాలి, రంగు చూసి కాదు. పంది మాంసం ముక్క 15 సెంటీమీటర్ల కంటే పలచగా ఉంటే మైనస్ 15 డిగ్రీల దగ్గర మూడు వారాలు ఉంచితే సరిపోతుంది, వేట మాంసానికి ఆ భరోసా లేదు. ఉప్పు పెట్టడం, ఎండబెట్టడం, పొగబెట్టడం, మైక్రోవేవ్ చేయడం, వీటిని నమ్ముకోవద్దు. ఖీమా మిషన్‌ని ప్రతిసారీ విప్పి కడగాలి. దుకాణం పేరు బయటపెట్టాలా వద్దా అన్నది మాంసం ఇంకా జనం ఇళ్లల్లో ఉందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించండి. ఉంటే పేరు, కొన్న తేదీలు చెప్పక తప్పదు.

లక్షణాలు కలవకపోతే

మెడ దగ్గర గడ్డలు, జ్వరం, నీరసం ఉండి కండరాల నొప్పి, ఇయోసినోఫిల్స్ అంతగా లేకపోతే టాక్సోప్లాస్మా వైపు చూడండి. తిన్నాక 5 నుంచి 23 రోజుల్లో వస్తుంది. ఐజీఎం (ఇన్ఫెక్షన్ కొత్తలో ముందుగా వచ్చే యాంటీబాడీ) పాజిటివ్‌ని మాత్రం గుడ్డిగా నమ్మకండి, అది నెలల తరబడి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం రక్తంలో ఉండిపోతుంది, పాత ఇన్ఫెక్షన్ కొత్తదిగా కనపడుతుంది. ఇన్ఫెక్షన్ పాతదో కొత్తదో తేల్చడానికి పనికొచ్చే ఐజీజీ అవిడిటీ పరీక్ష కలిపి అడగండి. గర్భిణులు తిన్నవాళ్లలో ఉంటే వాళ్ల పేర్లు ముందు డాక్టరుకి చేర్చండి. మట్టి, నీళ్లు, పిల్లి మలం ద్వారా కూడా వస్తుంది కాబట్టి మాంసం ఒక్కటే అనుకోకూడదు.

బద్దె పురుగు అయితే తిన్న రెండు మూడు నెలలకి గానీ మలంలో ముక్కలు కనిపించవు, కాబట్టి ఒక భోజనాన్ని వేలెత్తి చూపించడం దాదాపు అసాధ్యం. మూర్ఛలు, మెదడులో నీటితిత్తులున్న కేసులు గుంపుగా వస్తే పందిమాంసం ఎవరు తిన్నారని వెతకడం వృథా. ఈ నీటితిత్తుల జబ్బు (సిస్టిసెర్కోసిస్) మాంసం తినడం వల్ల రాదు, బద్దె పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు ఇంకొకరి నోట్లోకి పోవడం వల్ల వస్తుంది. అక్కడ మీరు వెతకాల్సింది ఆ పురుగు మోస్తున్న మనిషిని, అతను ఆ ఇంట్లో వంట చేసేవాడు కావచ్చు.

ఎప్పుడు ముగించాలి

చివరిగా మాంసం వెనక్కి తీసుకున్న రోజు నుంచి కనీసం 30 రోజులు కొత్త కేసు లేకపోతే కేసుల వెతుకులాట ఆపొచ్చు, కాస్త ఎక్కువే చూస్తే నష్టం లేదు. ఈలోగా రెండో రక్తం నమూనాలు తీయడం మర్చిపోకండి, జ్వరం తగ్గిన మనిషి ఫోన్ ఎత్తడు, అతని ఇంటికే వెళ్లాలి. సంభావ్య కేసుల్లో ఎందరు నిర్ధారితాలయ్యారో అప్పుడు మార్చి రాయండి. నివేదికలో మాంసం దొరకని వంటకాల పేర్లు, దొరకని అతిథుల సంఖ్య, ఇంటర్వ్యూ జరిగింది తిన్న ఎన్ని రోజులకో కూడా రాయండి, తర్వాత అదే ప్రాంతంలో ఇంకో కేసు వచ్చినప్పుడు చదివేవాళ్లకి ముందు కావాల్సినవి అవే. మిగిలిన సీరమ్, ఆల్కహాల్‌లోని లార్వాలు ఎక్కడ, ఏ నంబరుతో ఉన్నాయో చివరి పేజీలో పెట్టి, పశువైద్య శాఖకి ఒక కాపీ పంపండి.